అంకె లేని బోర్డు

రుమైథియా, కువైట్
8 జూన్ 2025

చిన్నాయనకు మునీంద్ర నమస్కారాలు.

మీ చెవికి ఫోన్ పనిచేయదు. మీరు ఫోన్లో "ఆఁ? ఏందీ?" అని అరిస్తే పక్కింటివాళ్ళు కూడా లేచి వస్తున్నారని పిన్నమ్మ చెప్పింది. అందుకని ఈ ఉత్తరం సెలవు మీద వస్తున్న నూర్ బాషా చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఈ ఇంటి కారు మీరు ఇరవై మూడేళ్ళు నడిపి, ఆరేళ్ళ కిందట నాకు పని నేర్పి తాళాలు అప్పజెప్పి పోయారు. ఆ ఇరవై మూడేళ్ళలో ఎప్పుడైనా మన యజమాని బాబా మిమ్మల్ని విమానం ఎక్కించాడా? నన్ను ఎక్కిస్తున్నాడు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ నాలుగు వారాలు ఆస్ట్రియా పోతున్నారు. అక్కడ పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుంటారట, తోలేది నేను. పర్మిట్ తీయించారు, వీసాకి వేలిముద్రలు కూడా అయిపోయాయి. మీకు కుళ్ళు పుట్టించాలని రాయడం లేదు. కొంచెం పుడితే మాత్రం నాకు సంతోషమే.

కళావతి కూడా వస్తోంది. రెండేళ్ళ కిందట మీరు మన యజమానమ్మ మామాకు మాటిచ్చి పంపిన మన పక్క ఊరి పిల్లే. ఇంట్లో చిన్నది దానాకు నాలుగేళ్ళు నిండాయి. కళావతి లేకుండా ముద్ద మింగదు, కన్ను మూయదు. కారులో కూడా దాని సీటు కళావతి ఒడే. మామా కంటే ఎక్కువైపోయిందని బాబా నవ్వుతుంటాడు.

ఒక్కటే భయం. నాకు తెలుగు తప్ప మరో చదువు లేదని మీకు తెలుసు. ఇక్కడంటే మీరు నేర్పిన దారులు, మీరు చూపిన కెమెరాలు. అక్కడ ఏ బోర్డు ఏం చెప్తుందో? నాలుగు మాటలు రాయండి.

మీ మునీంద్ర

—

ఎగువపల్లె, రాయచోటి దగ్గర
21 జూన్ 2025

ఒరే మునీంద్రా,

కుళ్ళు పుట్టలేదు గానీ కోపం వచ్చింది. ఇరవై మూడేళ్ళలో బాబా నాకు చూపించిన చల్లటి చోటు ఆ ఇంటి ఫ్రిజ్ ఒక్కటే. సరే, నీ అదృష్టం నీది.

బోర్డుల గురించి అడిగావు. నీకు నేర్పిందే మళ్ళీ చెప్తున్నా. ఎర్ర సున్నా లోపల అంకె ఉంటుంది. ఏ దేశంలోనైనా అంకె అంకే. దాన్ని చూడు, దానికి లోబడు. అంకె లేని చోట దారి నీది. మిగతా బోర్డులన్నీ చదువుకున్నవాళ్ళ కోసం పెట్టినవి, వాటితో మనకు పని లేదు. ఈ ఒక్క సూత్రం మీద ఒక్క చలానా లేకుండా బండి దిగి ఇంటికొచ్చాను. గర్వంగా చెప్పుకుంటే తప్పులేదు కదా.

ఇంకొకటి. ఆ ఇంట్లో నేను ఇద్దరి తరఫున మాటిచ్చాను, నీ తరఫున, కళావతి తరఫున. మీ ఇద్దరిలో ఎవరు తల దించుకున్నా దిగేది నా తలే. తండ్రి లేని పిల్ల, చెల్లెలుగా చూసుకో.

బాలసుబ్బయ్య

—

రుమైథియా
13 ఆగస్టు 2025

చిన్నాయనకు నమస్కారాలు.

క్షేమంగా తిరిగి వచ్చాం. ఏమి దేశం చిన్నాయనా! కొండల నిండా పచ్చగడ్డి, ఆవుల మెడలో మన ఊరి బడిగంటంత గంటలు. చెరువు గట్టున కూర్చుంటే సగం మంది కువైట్ వాళ్ళే. ఐస్‌క్రీమ్ కొట్టు మీద అరబ్బీలో రాసి ఉంది. రోడ్డు మీద ఒక్క గుంత లేదు, ఒక్కడూ హారన్ కొట్టడు. మొదటి రెండు రోజులు నా చెవులు పోయాయేమో అనుకున్నాను.

అంతా బాగానే జరిగింది. చిన్న గొడవ ఒకటైంది, అది మీకు ముందే తెలియాలి. ఒకరోజు కళావతిని, దానాను ఎక్కించుకుని సూపర్ మార్కెట్‌కు పోయి వస్తుంటే ఒక చిన్న ఊళ్ళో పోలీసాయన చేతిలో రాడార్ పట్టుకుని ఆపాడు. యాభై ఉండాల్సిన చోట ఎనభై ఒకటి పోయానట. పైగా పిల్లను ఒళ్ళో పెట్టుకోకూడదట, దానికి వేరే సీటు ఉండాలట. బాబాను పిలిపించారు. ఆయన టాక్సీలో వచ్చి, ఆ పోలీసు ముందు చేతులు కట్టుకుని నిలబడి జరిమానా కట్టాడు.

తప్పు నాది కాదు. "బిరీన పోన్నా, మామా ఎదురు చూస్తాంటాది" అని కళావతి వెనక నుంచి ఒకటే తొందర. ఆడపిల్ల మాట కాదనలేక కాలు నొక్కాను. మామాకు చాలా కోపం వచ్చింది. పిల్ల ఒళ్ళో ఉండగా తొందరపెడుతుందా అని ఆ రోజు నుంచి దానాను ఆమె చేతికి ఇవ్వలేదు. ఇక్కడికి రాగానే ఆమె ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా, రద్దు చేసేశారు. రేపే విమానం.

లోకులు నాలుగు రకాలుగా చెప్తారు కనుక ఉన్నది ఉన్నట్టు రాశాను. నూర్ బాషా ఊళ్ళో లేడు. "పెద్దాయనకు ఉత్తరమేమన్నా ఉండాదా అన్నా?" అని కళావతే అడిగింది. అంటించి ఆమె చేతికే ఇచ్చాను.

మునీంద్ర

—

ఎగువపల్లె
30 ఆగస్టు 2025

మునీంద్రకు,

నీ ఉత్తరం అందింది. అందిన తీరు కూడా రాస్తాను.

కళావతి బస్సు దిగేసరికి నేను స్టాండు పక్కన టీ కొట్టులో ఉన్నాను. పెట్టె కింద పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి నీ కవరు తీసి రెండు చేతులతో ఇచ్చింది. అక్కడికక్కడే చించి చదివాను. చదివేకొద్దీ నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంటికి నేను పంపిన మనిషి చేసిన పనా ఇది అనిపించింది. పదిమంది కూర్చుని ఉన్నారు, నా నోరు ఆగలేదు.

"పరాయోళ్ళ బిడ్డను ఒళ్ళో పెట్టుకోని బిరీన పో బిరీన పో అంటావా? బుద్ధుండాదా నీకు? నా ముఖాన పేడ కొట్టినావు గదమ్మా!" అన్నాను. నా చెవుడు సంగతి నీకు తెలుసు, మెల్లగా అన్నాననుకుని బజారంతా వినేట్టు అరిచాను. నూటికి నూరు పాళ్ళు వినబడిందని టీ కొట్టువాడు తర్వాత చెప్పాడు.

 ఆ పిల్ల నా చేతిలో కాగితం వైపు చూసింది. "ఉత్తరం అందింది గదా పెద్దాయనా, నే పోతా" అని పెట్టె తలకెత్తుకుని పోయింది. ఆటో కూడా పిలవలేదు.

పోనీలే, నీ పని నిలబడింది. అంతవరకు నయం.

బాలసుబ్బయ్య

—

రుమైథియా
18 సెప్టెంబరు 2025

చిన్నాయనకు,

ఇక్కడ అంతా క్షేమం. ఎండలు తగ్గడం లేదు.

కళావతిని ఇంక ఏమీ అనకండి. అయిందేదో అయిపోయింది. ఆ మాట ఊళ్ళో ఎత్తవద్దు. ఈ ఉత్తరం తెచ్చినాయన దగ్గర ఖర్జూరాల పెట్టె ఒకటి ఉంది, మంచి రకం. ఆమె ఇంట్లో ఇప్పించండి. నేను పంపానని చెప్పవద్దు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

మునీంద్ర

—

ఎగువపల్లె
9 అక్టోబరు 2025

మునీంద్రా,

ఆస్ట్రియాలో ఆవు మెడ గంట గురించి నాలుగు వరుసలు రాసేవాడివి, ఈసారి మొత్తం ఉత్తరమే ఎనిమిది వరుసలు. అందులో ఒకటి ఎండ గురించి.

ఖర్జూరాల పెట్టె వెనక్కి వచ్చింది. నీ పేరు చెప్పలేదు. అయినా కళావతి మూత మీది అరబ్బీ అక్షరాలు చూసి, "మునీంద్రన్న పంపినాడా? ఆయన పిల్లోల్లకే పంపీ పెద్దాయనా" అందట. కోపంగా అనలేదట, మామూలుగా అందట. నేను పంపిన ఆడమనిషి చెప్పింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కళావతిని తిడితే నువ్వెందుకు ఖర్జూరాలు పంపావు? ఇదొకటి నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. రెండోది, ఇరవై మూడేళ్ళు బండి తోలినవాడిగా అడుగుతున్నాను. వెనక కూర్చున్నవాళ్ళు వెయ్యి చెప్తారు. బాబా అన్నాడు, మామా అంది, వాళ్ళ ముసలమ్మ కర్రతో సీటు పొడిచింది. వాళ్ళెవ్వరి కాలూ యాక్సిలరేటర్ మీద లేదు. నాకా సంగతి ఆ టీ కొట్టు దగ్గరే గుర్తు రావలసింది.

ఏం జరిగింది? రాయి.

బాలసుబ్బయ్య

—

రుమైథియా
14 నవంబరు 2025

చిన్నాయనా,

ఇది మూడోసారి రాస్తున్న ఉత్తరం. మొదటి రెండూ చించేశాను.

కళావతి తొందరపెట్టలేదు. "మెల్లిగ పోన్నా, పాప ఒళ్ళో ఉండాది" అంది. ఒకసారి కాదు, మూడుసార్లు అంది. నేను నవ్వాను. "అంకె యాడుండాది చూపీ? మా చిన్నాయన నేర్పిన తోలుడు ఇది" అన్నాను. నిజంగానే ఎక్కడా ఎర్ర సున్నా లేదు, అంకె లేదు. ఊరి మొదట్లో నీలం అంచు తెల్ల బోర్డు, దాని మీద ఏవో అక్షరాలు. దారి నాదనుకున్నాను.

పోలీసాయన నన్ను దింపి ఆ బోర్డు దాకా నడిపించుకుపోయాడు. ఊరి పేరును వేలితో చూపించి యాభై అన్నాడు. అక్కడ ఊరి పేరే అంకె చిన్నాయనా. పేరు కనబడితే యాభై. అదే పేరు మీద ఎర్ర గీత కొట్టిన బోర్డు వస్తే ఊరు అయిపోయినట్టు. చిన్నపిల్లలకు కూడా తెలుసట.

అంతవరకు తెలియనితనమే. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. బాబా టాక్సీ దిగి అరబ్బీలో అడిగాడు, ఎందుకంత స్పీడు అని. ఆయన ముఖం అంత చిన్నబోయి నేనెప్పుడూ చూడలేదు. ఇఖామా గుర్తొచ్చింది, తిరుగు టికెట్ గుర్తొచ్చింది. నా నోరు దానంతట అదే, కళావతి తొందరపెట్టింది బాబా, మామా ఎదురు చూస్తుందని అంది, అనేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కూడా కాదు. ఆ మద్దెల పాపం మూడుసార్లు చెప్పింది.

కళావతికి అరబ్బీ నాకంటే బాగా వచ్చు. నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత వంగి దానా మూతికి అంటిన ఐస్‌క్రీమ్ తుడిచింది. అంతే. మిగతా రెండు వారాలు కళావతిని వ్యాన్‌లో చివరి వరసలో కూర్చోబెట్టారు. దానా కొత్త సీటులో బెల్టు కింద గింజుకుంటూ వెనక్కి తిరిగి "కలా, కలా" అని ఏడ్చేది. నేను అద్దంలో ఇద్దరినీ చూస్తూ తోలాను. రోజూ తోలాను. ఒక్కరోజు కూడా నోరు తెరవలేదు. ఆఖరికి ఆమె మీద చాడీ రాసిన కాగితం ఆమె చేతికే ఇచ్చి మోయించాను.

ఇంకా ఉంది. ఇంటి పోస్టు బాక్సు నుంచి ఉత్తరాలు తేవడం నా పనే కదా. పోయిన వారం ఆస్ట్రియా నుంచి రెండు కవర్లు వచ్చాయి. విప్పాను. భాష తెలియదు గానీ అంకెలు తెలుసు. ఒకదాంట్లో జూలై 17, 50, 83. రెండోదాంట్లో జూలై 20, 50, 79. పోలీసాయన రసీదులో ఉన్న ఊరి పేరే రెండింటి మీదా ఉంది, అక్షరం అక్షరం కలిపి చూశాను. అక్కడెక్కడో కెమెరా ఉందన్నమాట. పోలీసాయన ఆపింది 24న. పదిహేడున నేను ఒక్కడినే డీజిల్ పోయించడానికి పోయాను. ఇరవైన బాబాను రైలు ఎక్కించి ఖాళీ బండితో వచ్చాను. ఆ రెండు రోజులూ కళావతి వ్యాన్‌లోనే లేదు. మరి అప్పుడు నన్ను తొందరపెట్టింది ఎవరు?

బాబా ఆ తేదీలు చూస్తే అంతా తెలిసిపోతుంది. కవర్లు సీటు కింద మ్యాట్ కింద పెట్టాను. రోజూ వాటి మీదే కూర్చుని తోలుతున్నాను. నా బతుకు మీద నాకే అసహ్యంగా ఉంది.

మునీంద్ర

—

ఎగువపల్లె
5 డిసెంబరు 2025

మునీంద్రా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం దగ్గర కూర్చోలేకపోయాను. నిన్ను తిట్టాలని కలం పట్టుకుంటే ముందు నా పేరే రాయవలసి వస్తోంది. అంకె లేని చోట దారి నీది అని నీకు నేర్పింది నేను. ఒక్క చలానా లేదని గొప్పలు పోయింది నేను. బజార్లో ఆడపిల్లను నిలబెట్టి అరిచింది నేను. నువ్వు చెప్పింది అబద్ధం, నేను దానికి మైకు పట్టాను.

మూడో రోజు కళావతి ఇంటికి పోయాను. లేదు. టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోతోందట. సాయంత్రం బస్సు దిగే దాకా ఆ టీ కొట్టులోనే కూర్చున్నాను. నేను అరిచిన రోజు ఉన్నవాళ్ళలో ఏడెనిమిది మంది ఉన్నారు. కళావతి దిగగానే పిలిచి కూర్చోబెట్టి, అందరూ వినేట్టు చెప్పాను. "ఈ పాప తప్పేం లేదు. తప్పు మావోడిది. ఇచారించకుండా నోరు పారేసుకున్న తప్పు నాది. అమ్మా, నన్ను మన్నించు" అన్నాను. ఈసారి చెవుడు పనికొచ్చింది, బజారంతా వినబడింది.

"ఇంగ ఊరుకో పెద్దాయనా, టీ సల్లారిపోతాది" అంది. చేతుల నిండా టమోటా మరకలు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

నువ్వెందుకు అప్పుడే చెప్పలేదమ్మా అని అడిగాను. "చెప్పాల్సినాయన పక్కనే ఉండె గదా పెద్దాయనా. ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటానే విమానం ఎక్కితి" అంది. మళ్ళీ పిలిస్తే పోతావా అని అడిగాను. "పాప కోసరం పోతా" అంది.

ఇప్పుడు విను. ఆ కవర్లు ఉండవలసింది నీ సీటు కింద కాదు, బాబా చేతిలో. బాబాతో సరిపెట్టుకోవద్దు. ఆ పిల్లను పనిలోంచి పంపేసింది మామా, మామాకు చెప్పు. నీ పని పోతుంది. పోనీ. నేను నీ తరఫున మాటిచ్చింది నిజమే, ఆ మాట ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంక నీ మాటే నువ్వు నిలబెట్టుకోవాలి.

బాలసుబ్బయ్య

—

రుమైథియా
16 ఫిబ్రవరి 2026

చిన్నాయనా,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుని ఉంటారు. పని పూర్తయ్యాక రాద్దామని ఆగాను.

మీ ఉత్తరం వచ్చిన శుక్రవారమే కవర్లు బాబాకు ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఇంకా రెండా? ఖలాస్, కట్టేస్తాను పో" అన్నాడు. తేదీలు చూడనే లేదు. చూశారా, అక్కడితో నేను బయటపడ్డాను. గడప దాటి వచ్చేశాను కూడా. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ తీసి, లోపలికి పోయి మామా ముందు నిలబడ్డాను.

అంతా చెప్పాను. మామా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక్కటే అడిగింది, "మరి ఆ రోజు కళావతి ఏమంది?"

"షువై షువై అంది మామా. మెల్లగా, మెల్లగా అని. మూడుసార్లు."

మామా కిటికీ వైపు తిరిగింది. "నువ్వు స్పీడుగా తోలినందుకు నిన్ను పనిలోంచి పంపను, బాబా కూడా తోలుతాడు. నా బిడ్డ రెండు వారాలు వెనక్కి తిరిగి ఏడుస్తుంటే అద్దంలో చూస్తూ ఊరుకున్నావు. అందుకు పంపుతున్నాను" అంది.  కళావతికి కొత్త వీసా తీయించింది. తనే ఫోన్ చేసి మాట్లాడింది, కొంచెం ఏడ్చింది కూడా. నాకు ఈ నెలాఖరు దాకా గడువు. కొత్త డ్రైవర్ గోదావరి వైపు అతను, అచ్చిబాబు. అతనికి దారులు చూపిస్తున్నాను. అంకెలు కాదు, బోర్డులు చదవడం నేర్చుకోమని చెప్పాను.

ఇరవై ఎనిమిదిన వస్తున్నాను. నాకోసం ఎవరూ రావద్దు. ఆ టీ కొట్టు ముందే దిగుతాను. మీరు నా తరఫున చెప్పింది చాలదు, అక్కడున్నవాళ్ళకు నేనే చెప్తాను.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. నిన్న కళావతి దిగింది. ఎయిర్‌పోర్టుకు పోయి తీసుకురమ్మని మామా నన్నే పంపింది. కావాలనే పంపిందేమో. పెట్టె అందుకోబోతే "వద్దులేన్నా" అని తనే డిక్కీలో పెట్టుకుంది. వెనక కూర్చుంది. పక్కన దానా సీటు ఖాళీగా ఉంది, దాని బెల్టు చేత్తో సర్దింది.

రోడ్డు మీద వంద అని ఎర్ర సున్నాలో పెద్ద అంకె. నేను అరవై దాటలేదు. వెనకవాళ్ళు లైట్లు కొడుతున్నారు, హారన్లు కొడుతున్నారు, లారీలు కూడా దాటిపోతున్నాయి. క్షమించమని అడగాలి.  అద్దంలో చూడడానికి కూడా ధైర్యం చాల్లేదు. సగం దారి అలాగే వచ్చాం.

అప్పుడు వెనక నుంచి, కోపం లేకుండా, నవ్వు కూడా లేకుండా, కళావతి అంది.

"బిరీన పోన్నా. మామా ఎదురు చూస్తాంటాది."

మునీంద్ర